ఊరు విడిచిన దుఃఖం: తకుబొకు తంకను మూలంలో చదివే పద్ధతి

జపనీస్ రానివారు ఆ భాషా కవి ఇషికవ తకుబొకు (1886–1912) రాసిన తంకలను, అంటే కొలతకు కట్టుబడిన పొట్టి కవితలను, ఇంగ్లీషు అనువాదంలో చదివి, అక్కడి నుంచి తెలుగులోకి ఊహించుకుని సరిపెట్టుకోవడం మామూలుగా జరిగే పని. కనీసం ఒక తంక విషయంలో తెలుగు పాఠకులకు ఆ చుట్టుదారి అక్కర్లేదు. స్వగ్రామాన్ని శాశ్వతంగా వదిలిపోవడం మీద జపనీస్‌లో వచ్చిన కవితల్లో బాగా పేరున్న ఆ తంక, 1910 డిసెంబరులో టోక్యోలో వెలువడిన ‘ఇచిఅకు నొ సున’ అనే సంపుటిలో ఉంది. ఆ పేరుకు పిడికెడు ఇసుక అని అర్థం. సంపుటిలోని 551 తంకలను కవి ఐదు భాగాలు చేశాడు. మనకు కావలసింది ‘కెమురి’, అంటే ‘పొగ’, అనే రెండో భాగంలో వస్తుంది. కాగితం, పెన్సిలు దగ్గర పెట్టుకుని, కింది మూడు పాదాలను అర్థం జోలికి పోకుండా ముందుగా మీ చేత్తో ఎత్తి రాసుకోండి.

ఇషి ఒ మొతె ఒవరురు గొతొకు
ఫురుసతొ ఒ ఇదెషి కనషిమి
కియురు తొకి నషి

రాసుకునేటప్పుడు దీర్ఘాలను, ‘ట’ను దగ్గరికి రానివ్వకండి. రోమన్ అక్షరాల నుంచి జపనీస్ మాటలను తెలుగులోకి దించేటప్పుడు మనకు అలవాటైన ‘ఫురుసాటో’ వంటి రూపం చూడటానికి బాగానే ఉంటుంది కానీ, అది మాట కొలతనే మార్చేస్తుంది. జపనీస్‌లో ఎ, ఒ హ్రస్వాలు విడిగా ఉన్నాయి, తెలుగులోనూ ఉన్నాయి. వారి ‘త’ మన దంత్యమైన ‘త’కు దగ్గరగా పలుకుతుంది. టోక్యో వంటి స్థిరపడిపోయిన పేర్ల జోలికి పోనక్కర్లేదు గాని, కవిత లోపలి మాటలను మాత్రం పలికినంత మేరకే రాయాలి.

తర్వాతి పని లెక్క. తంకకు 5, 7, 5, 7, 7 చొప్పున 31 ‘అక్షరాలు’ ఉంటాయని పరిచయ వ్యాసాలన్నీ చెబుతాయి. మొదటి మూడు ముక్కలు హైకు కొలతే కనుక, హైకు తెలిసినవారు ఇంకో రెండు ఏడులు కలుపుకుంటే చాలు. అయితే ఆ లెక్కను అక్షరాలతో కాక మాత్రలతో వేయాలన్న సంగతి ఛందస్సు కొద్దిగా తెలిసినవారికి వెంటనే తట్టాలి. జపనీస్‌లో దీర్ఘాచ్చు రెండుగా లెక్కకొస్తుంది, ద్విత్వంలోని తొలి హల్లుకు ఒక లెక్క ఉంటుంది, చివరి నకారపు పొల్లుకూ ఒక లెక్క ఉంటుంది. తపాలా బిళ్ళను ‘కిత్తె’ అంటారు: వారి లెక్కలో మూడు, మన లెక్కలో గురువు, లఘువు కలిపి మూడు మాత్రలు. వార్తాపత్రిక ‘షింబున్’: వారికి నాలుగు, మనకు రెండు గురువులు. తేడా వచ్చేది ‘క్య’, ‘ర్య’ వంటి యకార సంయుక్తాల దగ్గరే. వాటికి ముందున్న హ్రస్వం మన ఛందస్సులో గురువవుతుంది, వారికి కాదు. అందుకే అతిథి అనే అర్థమున్న ‘ఒక్యకు’ వారికి మూడు, మనకు నాలుగు. మన తంకలో అలాంటి చిక్కేదీ లేదు. ఒక్క దీర్ఘం గాని, ఒక్క ద్విత్వం గాని, ఒక్క పొల్లు గాని లేకుండా 31 లఘువులే వరుసగా వచ్చాయి. పాదానికొక గీత గీసి లెక్కపెట్టి చూడండి: 12, 12, 7 వస్తాయి.

ఆ మూడు అంకెలు ఊరికే వచ్చినవి కావు. అప్పటిదాకా తంకను ఒకే వరుసగా అచ్చువేయడం రివాజు. తొకి అయిక అనే కవి 1910లోనే తన తంకలను రోమన్ లిపిలో మూడేసి పంక్తులుగా ప్రకటించగా, తకుబొకు ఆ పద్ధతిని తీసుకుని, ఒక్కో తంకకు ఒక్కోచోట విరుపు పెట్టాడు. ఇక్కడ 5, 7లను ఒక పంక్తిగా, మళ్ళీ 5, 7లను ఒక పంక్తిగా కూర్చి, చివరి ఏడును విడిగా వదిలాడు. పైకి చదివేటప్పుడు పాదం చివర మాత్రమే ఆగి, పాదం మధ్యలో ఆగకుండా వెళితే, రెండు సమానమైన పొడవు పాదాల తర్వాత మూడోది చప్పున తెగిపోయినట్టు వినిపిస్తుంది. అన్నీ లఘువులే కనుక గొంతు ఎక్కడా సాగదీయకూడదు. తెలుగులో విషాదాన్ని చదివేటప్పుడు రాగం తీయాలనిపించడం సహజమే అయినా, ఇక్కడ ఆ కోరికను అణచుకోవాలి.

ఇప్పుడు అర్థం. నిఘంటువు ముందు పెట్టుకుని ఒక్కొక్క మాట కింద తెలుగు మాట రాసుకుంటూ పోతే ఈ వరుస వస్తుంది: ‘ఇషి’ రాయి, ‘ఒ మొతె’ తో, ‘ఒవరురు’ తరమబడు, ‘గొతొకు’ అట్టుగా, ‘ఫురుసతొ’ సొంతూరు, ‘ఒ’ ని, ‘ఇదెషి’ వెడలిన, ‘కనషిమి’ దుఃఖం, ‘కియురు’ చెరిగే, ‘తొకి’ వేళ, ‘నషి’ లేదు. ఒక్క మాటనైనా వెనక్కో ముందుకో జరపకుండా, రాసుకున్న వరుసలోనే చదివితే తెలుగు వాక్యం దానంతటదే నిలుస్తుంది. విశేషణ క్రియ నామానికి ముందు రావడం, విభక్తి నామం వెనక చేరడం, లేదనే మాట అన్నిటికంటే చివర పడటం రెండు భాషల్లోనూ ఒకటే కావడం దీనికి కారణం. ఇంగ్లీషు అనువాదకులు ఎంత సమర్థులైనా దుఃఖాన్ని ముందుకు లాగి, రాళ్ళను తరచు చివరికి నెట్టేస్తుంటారు. అలా చేసినప్పుడు పోయేది కేవలం వరుస కాదు. మూలంలో పాఠకుడి చెవిన మొట్టమొదట పడేది రాయి. అది ఎందుకు వచ్చిందో, ఎవరి మీద పడిందో రెండో పాదం దాకా తెలియదు. దుఃఖం అనే మాట వచ్చేసరికి 20 మాత్రలు గడిచిపోతాయి. దానికి అంతం లేదన్న సంగతి ఆఖరి రెండు మాత్రల్లో గాని తేలదు.

వరుస కుదిరాక నాలుగు చోట్ల తీరిగ్గా ఆగాలి. అందులో ముఖ్యమైనది ‘గొతొకు’. రాళ్ళతో తరమబడినట్టుగా అన్నాడే గాని తరమబడి అనలేదు. ఊరివాళ్ళు రాళ్ళు విసిరారని ఈ తంక ఎక్కడా చెప్పదు. ఈ ఒక్క మాటను జారవిడిచిన పాఠకుడికి ఇది ఒక అన్యాయం మీద వేసిన ఫిర్యాదులా కనిపిస్తుంది. పట్టుకున్న పాఠకుడికి, తనను ఎవరూ చేత్తో ముట్టుకోలేదని తెలిసి కూడా ఆ పోలిక తప్ప మరొకటి దొరకని మనిషి కనిపిస్తాడు. నా దృష్టిలో కవిత బరువంతా ఈ ‘అట్టుగా’ మీదే ఉంది.

రెండోది కర్మణి ప్రయోగం. ‘ఒవరురు’లో తరిమినవారు లేరు. ఊరు అనలేదు, జనం అనలేదు, ఫలానా వ్యక్తి అనలేదు. ‘నేను’ కూడా మూడు పాదాల్లో ఎక్కడా లేదు. అయినా ఇది కవి సొంత అనుభవమని జపనీస్ పాఠకులకు అనుమానం రాదు. అందుకు ఆధారం మూడో మజిలీ అయిన ‘ఇదెషి’ చివరి ‘షి’లో ఉంది. ప్రాచీన జపనీస్ వ్యాకరణంలో భూతకాలానికి ఒకటికి మించి ప్రత్యయాలున్నాయి. ఈ ‘షి’ దేనికి చెందిందో ఆ ప్రత్యయాన్ని, మాట్లాడేవాడు స్వయంగా చూసి, అనుభవించి గుర్తు తెచ్చుకునే సంగతులకు వాడతారని వ్యాకరణాలు చెబుతాయి. 1910 నాటికి అది పుస్తక భాష, నోటి భాష కాదు. చెప్పేవాడు తన పేరు చెప్పకుండానే, క్రియ చివరన ఒకే లఘువుగా నిలబడి ఉన్నాడు.

నాలుగోది మూడో పాదం. ‘కియురు’ మంట ఆరిపోవడానికీ, మంచు కరిగిపోవడానికీ, కనబడుతున్నది కనబడకుండా పోవడానికీ కూడా వాడే క్రియ. దుఃఖం శాశ్వతమని కవి అనలేదు, అది ఆరిపోయే వేళంటూ లేదన్నాడు. శాశ్వతం అంటే కాలం మొత్తాన్ని ఒక్కసారి చుట్టేసినట్టవుతుంది; వేళ లేదు అంటే ఒక్కొక్క గడియనూ వెతికి చూసి, ఇందులో లేదు, ఇందులోనూ లేదు అని తేల్చుకున్నట్టవుతుంది. ఈ భాగానికి ‘పొగ’ అని పేరు పెట్టిన కవి, ఆ భాగాన్ని మొదలుపెట్టే తంకలో ఊరి మీది బెంగ జబ్బులా పొంగుకొచ్చిన రోజున నీలాకాశంలోని పొగను చూసిన కవి, ఇక్కడికొచ్చి ఆరిపోవడం అనే క్రియను ఎంచుకోవడం యాదృచ్ఛికం కాదని నాకనిపిస్తుంది. ఒప్పుకోనివారు ఒప్పుకోకపోయినా పాఠానికి నష్టమేమీ లేదు.

ఇంత నేరుగా దుఃఖం అనే మాటను వాడటం జపనీస్ సంప్రదాయంలో తప్పనిసరి కాదని తెలియడానికి ఒక్క ఉదాహరణ చాలు. 717లో చైనాకు చదువుకు వెళ్ళి, 753లో తిరుగు ప్రయాణమై, ఓడ దారితప్పి నేటి వియత్నాం తీరానికి కొట్టుకుపోయి, చివరికి స్వదేశం చూడకుండానే 770లో చాంగాన్ నగరంలో మరణించిన అబె నొ నకమరొ పేరు మీద ఒక తంక నిలిచింది. ఆకాశంలోకి తలెత్తి చూస్తే కనిపించేది తన దేశంలో, కసుగలోని మికస కొండ మీద ఉదయించిన ఆ చంద్రుడేనా అని మాత్రమే అందులో ఉంది. బెంగ అని గాని, కన్నీరు అని గాని లేదు. తకుబొకు ఆ మరుగును తీసేశాడు. అతన్ని చదివేటప్పుడు సూచనల కోసం వెతకడం కంటే చెప్పిన మాటను చెప్పినట్టు వినడమే మంచి పద్ధతి.

కవి జీవితాన్ని ఇక్కడికి వచ్చాక గాని తెరవకూడదు. ముందే తెరిస్తే కవిత దానికి సాక్ష్యపత్రంలా మారిపోతుంది. కావలసినంత మేరకు సంగతులు ఇవి. ఈశాన్య జపాన్‌లోని ఇవతె ప్రాంతంలో షిబుతమి అనే పల్లె ఉంది. తకుబొకు తండ్రి అక్కడి హోతొకుజి అనే జెన్ బౌద్ధ ఆలయానికి పూజారి. శాఖకు కట్టవలసిన రుసుము కట్టనందుకు 1904 డిసెంబరులో ఆయన్ను పదవి నుంచి తొలగించారు. ఇల్లు, ఆదాయం రెండూ ఆ ఆలయంతోనే ముడిపడి ఉండటం వల్ల కుటుంబం ఒక్కసారిగా వీధిన పడింది. ఆయన్ను మళ్ళీ తీసుకోవాలా వద్దా అన్నదాని మీద ఊరు రెండు వర్గాలైంది. 1906 వసంతంలో తకుబొకు భార్యతో, తల్లితో ఊరికి తిరిగొచ్చి, తాను చదువుకున్న ప్రాథమిక పాఠశాలలోనే నెలకు 8 యెన్ల జీతానికి తాత్కాలిక ఉపాధ్యాయుడిగా చేరాడు. 1907 మార్చిలో తండ్రి ఆశ వదులుకుని ఇల్లు విడిచి వెళ్ళిపోయాడు. ఏప్రిల్‌లో తకుబొకు ప్రధానోపాధ్యాయుడికి వ్యతిరేకంగా పిల్లలచేత సమ్మె చేయించి ఉద్యోగం పోగొట్టుకున్నాడు. మే 4న ఊరు విడిచి, సముద్రం దాటి హొక్కైదోలోని హకొదతెకు చేరాడు. భార్యాబిడ్డలు మొరిఒకలోని పుట్టింట, తల్లి ఊళ్ళోనే తెలిసినవారి ఇంట ఉండిపోయారు. అప్పటికతనికి 21 ఏళ్ళు.

మళ్ళీ షిబుతమిలో అడుగు పెట్టలేదు. హొక్కైదోలో ఏడాదిపాటు ఊరూరా ఉద్యోగాలు మారి, 1908లో టోక్యో చేరి, 1909 మార్చి నుంచి అసహి పత్రికలో ప్రూఫులు దిద్దుతూ, 1912 ఏప్రిల్ 13న క్షయతో మరణించాడు. సమాధి కూడా హకొదతెలోనే ఉంది. సంపుటి వెలువడేనాటికి ఊరు విడిచి మూడేళ్ళు దాటింది కనుక, ఈ తంక బయల్దేరిన రోజు కేక కాదు. రాజధానిలో కూర్చుని వెనక్కి చూసి చెప్పిన మాట.

ఈ వివరాలు ఎంతవరకు సాయపడతాయో అంతకుమించి దారి తప్పించగలవు. పూజారి కొడుకును ఊరు వెళ్ళగొట్టిందని చదివితే కథ సులువుగా ఉంటుంది, కానీ సమ్మెకు పిల్లలను పురిగొల్పినది తానేనని అతనికి తెలుసు. ఆ తెలివిడి ‘గొతొకు’లో ఉందనుకుంటే తంక ఇంకా పదునెక్కుతుంది. ఇంకొక చిన్న సంగతి మాట ఎంపికకు పనికొస్తుంది: తకుబొకు పుట్టింది షిబుతమిలో కాదు, దగ్గరలోని హినొతొ అనే పల్లెలో ఉన్న జోకోజి ఆలయంలో. ఏడాది పసివాడిగా షిబుతమికి వచ్చాడు. అందుచేత ‘ఫురుసతొ’ను ఈ తంకలో ‘పుట్టిన ఊరు’ అని తెలుగు చేస్తే జీవితచరిత్ర ఒప్పుకోదు. ‘సొంతూరు’ సరిపోతుంది.

ఇక ఈ తంకను దాని ఇరుగుపొరుగు తంకలతో కలిపి చదవాలి. సంకలనాల్లో విడిగా అచ్చయిన ఒక్క తంకనే చదివి ఆగిపోయేవారు ఎక్కువగా కోల్పోయేది ఇక్కడే. ‘కెమురి’ రెండో సగం మొదట్లోనే, సొంతూరి యాస వినాలనిపించి రైలు స్టేషన్ జనంలోకి వెళ్ళే మనిషి కనిపిస్తాడు. రాళ్ళ తంకకు ముందు వరుసగా రెండు తంకలున్నాయి. మొదటిదాంట్లో, తాను చదువు చెప్పిన ఆ పిల్లలు కూడా త్వరలో ఊరిని వదిలేసి వెళతారు కాబోలు అంటాడు. రెండోదాంట్లో, ఊరు విడిచి వచ్చిన పిల్లలు ఒకరినొకరు కలుసుకుని సంతోషించడాన్ని మించిన దుఃఖం లేదంటాడు. మూడు తంకల్లోనూ వెడలడం అనే క్రియ ఒక్కటే. మొదట ‘ఇజురు రము’ అని జరగబోయేదాని ఊహ, తర్వాత ‘ఇదె కిషి’ అని జరిగి ఇక్కడికి చేరినది, ఆపైన ‘ఇదెషి’. ముందు ఇతరుల సంగతిగా మొదలుపెట్టి, మెల్లగా తన దగ్గరికి వచ్చాడన్నమాట. అలా చదివితే రాళ్ళ తంకలో వెళ్ళిపోయినవాడు ఒంటరివాడు కాదు. మెయిజి కాలపు (1868–1912) పల్లెలు ఖాళీ అవుతున్న తీరంతా దాని వెనక కదులుతుంది.

రాళ్ళ తంక వెంటనే వచ్చేదాన్ని కూడా ఎత్తి రాసుకోండి.

యవరకని యనగి అఒమెరు
కితకమి నొ కిషిబె మె ని మియు
నకె తొ గొతొకు ని

‘మెత్తగా యనగి చెట్లు పచ్చబారుతున్న కితకమి గట్టు కళ్ళకు కనిపిస్తుంది, ఏడవమన్నట్టుగా’ అని దీని భావం. యనగి అంటే నీటి ఒడ్డున పెరిగే విల్లో చెట్టు. కితకమి షిబుతమి పక్కన పారే నది. లెక్క వేస్తే మళ్ళీ 12, 12, 7 వస్తాయి, మళ్ళీ అన్నీ లఘువులే, మళ్ళీ ‘గొతొకు’. ఒకచోట ఊరు తరిమినట్టుగా ఉంది, పక్కనే ఆ ఊరి నది ఏడవమన్నట్టుగా ఉంది. ఎదురెదురు పుటల్లో ఉన్నా లేకున్నా ఈ రెండింటినీ జంటగానే పైకి చదవాలి. కవి పదో వర్ధంతినాడు, 1922 ఏప్రిల్ 13న, షిబుతమిలో నిలబెట్టిన మొదటి శిలాఫలకం మీద చెక్కినది ఈ రెండో తంకే; నిలబెట్టినవారు తమ పేర్లు వేసుకోకుండా, పేరులేని యువకులమని రాసుకున్నారు. రాళ్ళ తంకను ఆ ఊళ్ళో రాతి మీద చెక్కడం ఎవరికైనా కష్టమే.

చివరి మెట్టుగా మీ సొంత తెలుగు రూపం ఒకటి రాయండి. మూలంలో చదివింది నిజంగా పట్టుబడిందో లేదో తెలుసుకోవడానికి ఇంతకంటే మంచి పరీక్ష లేదు. నా రూపం ఇలా ఉంది:

రాళ్ళతో తరిమినట్టుగా
సొంతూరు విడిచిన దుఃఖం
చెరిగే వేళ లేదు

31 మాత్రలకు కుదించాలని పట్టుబట్టలేదు. మొదటి రెండు పాదాలు చెరి 13 మాత్రలు, మూడోది 10. రెండు సమానంగా ఉండి మూడోది పొట్టిగా ఉంటే మూలం నడక నిలుస్తుంది. ‘తరమబడినట్టుగా’ అంటే వ్యాకరణం సరిపోతుంది కానీ తెలుగు చెవికి కార్యాలయపు భాషలా ఉంటుంది. కర్త లేని ‘తరిమినట్టుగా’ అదే పని చేస్తుంది. ‘విడిచివచ్చిన’ అనాలని బలంగా అనిపిస్తుంది, కానీ ఆ ‘వచ్చిన’ మూలంలో లేదు, పైగా ఎక్కడికో చేరాడన్న భరోసా ఇస్తుంది. ‘నా’ చేర్చకండి. ‘ఎన్నటికీ’, ‘జీవితాంతం’ వంటివి చేర్చకండి.

రాసినదాన్ని తకుబొకు ఎవరో తెలియని ఒకరికి వినిపించి, అతన్ని ఎవరు తరిమారని అడగండి. ఊరివాళ్ళని తడుముకోకుండా చెప్పేస్తే మీ తెలుగులో మూలంలో లేనిదేదో చేరింది. ఎవరూ తరమలేదని చెప్పేస్తే ఉన్నదేదో పోయింది. ఆ రెండింటి మధ్య వారు కాస్త ఆగి, మళ్ళీ చదవమని అడిగేదాకా మొదటి పాదాన్ని సవరించండి.